ఎడమచేతి అతుకు

ఆ ఎండాకాలం మా ఇంట్లో పగలు ఫ్యాన్ తిరగలేదు. కరెంటు లేక కాదు. ముందుగదిలో నాన్న పని చేస్తున్నంతసేపూ గాలి కదలకూడదు. ఫ్యాన్ వేస్తే సూపర్ గ్లూ ఆవిరి కళ్ళలోకి కొడుతుంది, సీసా మూతి దగ్గరే చుక్క గడ్డకట్టేస్తుంది. అందుకని నాన్న తలుపు ఓరగా వేసుకుని, చొక్కా విప్పి, పీట మీద కూర్చుని, చెమటని భుజానికి తుడుచుకుంటూ రబ్బరు రింగులు అతికేవాడు.

అవి నీళ్ళ పంపుల్లో వేసే రింగులు. ఫ్యాక్టరీవాళ్ళు చిటికెనవేలంత లావు నల్ల రబ్బరు తాడుని చుట్టలు చుట్టలుగా పంపేవారు. దాన్ని కొలత ప్రకారం గాడి చెక్కలో పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా ఒక్క వేటుకి కొయ్యాలి. ఒక కొస మీద ‘హా’ అని ఊపిరి వదలాలి. రెండో కొసకి ఒక్క చుక్క గ్లూ. రెండు కొసల్నీ కలిపి, పది లెక్కపెట్టేదాకా కదలకుండా పట్టుకోవాలి. ఇరవై ఏళ్ళుగా నాన్న చేస్తున్నది ఇదే. ఊళ్ళో అందరూ ఆయన్ని రింగుల మేస్త్రి అనేవారు.

"ఊపిరి ఎందుకు నాన్నా?" అని చిన్నప్పుడు అడిగితే, "దీనికి కాస్త తడి తగలాలి తల్లీ. మరీ పొడిగా ఉంటే అలిగి కూర్చుంటుంది" అనేవాడు.

"మరి రెండు చుక్కలు వేస్తే ఇంకా గట్టిగా ఉంటుందిగా?"

"ఉండదు. ఎక్కువైతే ఆరదు, లోపల జారుతూనే ఉంటుంది. మీ అమ్మ మాటల్లాగా." అమ్మ వంటింట్లోంచి గరిటె చూపించేది. నాన్న నా వైపు తిరిగి, "నువ్వు ఒక్క చుక్క మనిషివి. అందుకే నాకు నచ్చుతావు" అనేవాడు.

ఊళ్ళోవాళ్ళకి మాత్రం నేను నచ్చేదాన్ని కాదు. మాట్లాడనని మూగపిల్ల అనేవారు. బడిలో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేదాన్ని కాదు. అయినా ఆ ఏడు పదో తరగతి అవగానే టౌన్లో కాలేజీలో సీటు వచ్చింది, హాస్టల్‌తో సహా. మా బడి మొత్తానికి ముగ్గురికే వచ్చింది. వానలు మొదలయ్యే నెలలో మొదటి సోమవారం లోపల వెళ్ళి చేరకపోతే సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని ఉత్తరంలో రాశారు. ఆ ఉత్తరాన్ని నా డైరీ అట్టలో దాచుకున్నాను. రోజుకోసారి తీసి తారీఖు మారలేదు కదా అని చూసుకునేదాన్ని.

ఎండలు ముదిరిన వారంలో చెకింగాయన వచ్చాడు. ఆయన ఫ్యాక్టరీ వ్యాన్‌లో ఇళ్ళిళ్ళూ తిరిగి రింగులు తీసుకెళ్ళి, ఒక్కొక్కటీ లాగి చూసి లోపలికి పంపే మనిషి. ఎప్పుడూ వాకిట్లోంచే కేకేసి వెళ్ళిపోయేవాడు. ఆ రోజు లోపలికి వచ్చి, ఒక సంచీ నేలమీద పెట్టి, కూర్చున్నాడు.

"నలభై మూడు, మేస్త్రీ."

"నలభై మూడేంటి?"

"నోరు తెరిచినవి."

నాన్న సంచీలోంచి ఒక రింగు తీసి వెనక్కి వంచాడు. అతుకు దగ్గర సన్నగా తెరుచుకుంది, చేప నోరులాగా. ఇంకోటి తీశాడు. అదీ అంతే.

"గ్లూ మార్చారా?"

"అదే గ్లూ. మిగతా ఇళ్ళల్లో పట్టుకుంటోందిగా."

"ఎండలు చూశావుగా ఎలా ఉన్నాయో. బొత్తిగా తడి లేదు గాలిలో."

"ఎండలు మీ ఇంటి మీదే కాయట్లేదు మేస్త్రీ." చెకింగాయన తల గోక్కున్నాడు. "నీకు చెప్పేవాణ్ణా నేను? నాకీ పని నేర్పిందే నువ్వు. కానీ పైవాళ్ళున్నారు చూడు. ఇంకో రెండుసార్లు ఇలాగే అయితే చుట్టలు వేరే ఇంటికి వేసెయ్యమంటారు. నా చేతిలో ఏం లేదు."

ఆయన వెళ్ళాక నాన్న ఆ నలభై మూడింటినీ ఒక్కొక్కటే వంచి చూశాడు. చివరికొచ్చేసరికి మొదట్నుంచీ మళ్ళీ మొదలుపెట్టాడు.

తప్పు ఎక్కడుందో నాకు తెలిసింది పక్కింటి పిన్ని వల్ల. ఒకరోజు పొద్దున్నే ఆవిడ ఎడమచేతికి గిన్నె మూత వేలాడేసుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. ఊడిన మూత పిడి తనే అతికించుకుందామని ఒక సీసా కొనుక్కుందట. పిడి ఊడి ఎటో పోయింది, మూడు వేళ్ళు మూతకి అతుక్కుపోయాయి.

"బావగారూ, కొంపలంటుకున్నాయి! లాగితే ప్రాణం పోతోంది."

"లాగకు. తోలు ఊడి వస్తుంది. ఎన్ని చుక్కలు వేశావేంటి?"

"చుక్కలా? సగం సీసా పోశాను. గట్టిగా ఉంటుందని."

"మూతకి పిడి పెట్టమంటే నువ్వే పిడివైపోయావు కదమ్మా."

అమ్మ నవ్వు ఆపుకుంటూ గోరువెచ్చని సబ్బునీళ్ళు తెచ్చింది. పిన్ని చెయ్యి గిన్నెలో పెట్టుకుని, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పింది. అరగంటకి వేళ్ళ అంచులు తెల్లబడి మెత్తబడ్డాయి. నాన్న చెంచా కాడ సందులో పెట్టి, తిప్పుతూ, కొద్దికొద్దిగా విడదియ్యడం మొదలుపెట్టాడు. చెంచా మూత మీద టకటకమని కొట్టుకుంటోంది.

"బావగారూ, మీ చెయ్యేంటి అలా వణుకుతోంది?"

నాన్న చెంచా ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేతిని తువ్వాలు కింద పెట్టుకున్నాడు.

"ఇంకా టీ తాగలేదు" అన్నాడు.

ఆయన తాగిన టీ గ్లాసు గుమ్మం పక్కనే ఉంది. నేనే ఇచ్చాను. అమ్మ ఆ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నేను నాన్న ముఖం చూడ్డం మానేసి చెయ్యి చూడ్డం మొదలుపెట్టాను. కుడి బొటనవేలు. మామూలప్పుడు తెలియదు. కొసలు కలిపి పట్టుకున్నాక, ఆరో ఏడో లెక్క దగ్గర, ఒక్కసారి ఉలిక్కిపడినట్టు అదిరేది. వెంట్రుకవాసి కదిలేది అంతే. చాలు. సరిగ్గా గ్లూ పట్టుకునే సమయంలో కదిపితే ఆ అతుకు ఇక జన్మలో కలవదు. పైకి మాత్రం కలిసినట్టే కనిపిస్తుంది.

డైరీలో నేను పెద్దగా ఏమీ రాయను. ఆ వారం మాత్రం అంకెలు రాశాను. నాన్న మధ్యాహ్నం భోజనం చేసి పెరటి వరండాలో పడుకున్నాక, పొద్దుటి రింగులన్నీ ఒక్కొక్కటే లాగి, వంచి చూసేదాన్ని. ఇవాళ పదిహేడు. ఇవాళ పంతొమ్మిది. ఇవాళ ఇరవై ఆరు.

ఇరవై ఆరు వచ్చిన రోజు పీట మీద నేను కూర్చున్నాను.

నాది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు చెంచా ఎడమచేత్తో పట్టుకుంటే నాన్న వేళ్ళ మీద చిన్నగా కొట్టి కుడిచేతికి మార్చేవాడు. బడిలో టీచరూ అంతే, కాకపోతే చిన్నగా కాదు. అలా రాయడం కుడిచేత్తో నేర్చుకున్నాను. కానీ ఎవరూ చూడనప్పుడు చేసే పనులన్నీ ఎడమచేత్తోనే చేస్తాను. గాడి చెక్క కుడిచేతివాళ్ళకి చేసింది కాబట్టి, దానికి అవతలివైపు పీట వేసుకుని కోశాను. ‘హా’ అన్నాను. ఒక్క చుక్క. పది.

లాగితే సాగింది. వంచితే వంగింది. నోరు తెరవలేదు.

నాన్న చేసినవాటిలో చెడిన పెద్ద రింగుల్ని కోసి చిన్న సైజు చేసేదాన్ని. వాటి బదులు కొత్త తాడుతో పెద్దవి చేసి కుప్పలో కలిపేసేదాన్ని. ఆయన లేచేసరికి పీట మీద తువ్వాలు ఎలా ఉన్నది అలాగే ఉండేది. గదిలో ఉడికిపోయేదాన్ని. కళ్ళు మండి నీళ్ళు కారేవి. వేళ్ళ కొసల మీద గ్లూ పెచ్చుకట్టి, గుడ్డు పెంకులాగా తెల్లగా అయ్యేది. సాయంత్రం దువ్వెన పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలిసేది కాదు. డైరీ రాస్తుంటే ఒకసారి పేజీ వేలికి అతుక్కుని సగం చిరిగొచ్చింది.

ఆసుపత్రి బట్టలు ఇస్త్రీ చేసి వచ్చిన అమ్మ ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని దీపం దగ్గరికి లాగింది.

"ఏమే, ఈ వేళ్ళేంటి?"

చెయ్యి వెనక్కి లాక్కోబోయాను. అమ్మ నా వేళ్ళనీ, మూలనున్న రింగుల కుప్పనీ చూసింది. తర్వాత అరచేతిలో కొంచెం నూనె పోసి రాయడం మొదలుపెట్టింది. ఇస్త్రీపెట్టె వేడికి ఆవిడ అరచేయి బెరడులాగా ఉండేది. నా పెంకు వేళ్ళూ ఆ బెరడు చెయ్యీ రాసుకుంటుంటే గరగరమని చప్పుడొచ్చింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"పది రోజులు."

"ఆసుపత్రికి రమ్మంటే రాడు. వణుకేం లేదంటాడు." కాసేపు రాసి ఆపింది. "చెప్పకు. ఈ మధ్యే కాస్త నవ్వుతున్నాడు."

నిజమే, నాన్న నవ్వుతున్నాడు. తర్వాతి విడతలో వెనక్కి వచ్చినవి రెండే. ఆ తర్వాతి విడతలో ఒక్కటీ లేదు. "చూశావా, అదంతా సీసాలో తేడా. చెయ్యెక్కడికి పోతుంది?" అని అన్నం తింటూ అమ్మతో అన్నాడు. అమ్మ "అవునండీ" అంది. నేను పళ్ళెం వైపు చూస్తూ అన్నం కలిపిందే కలుపుతూ కూర్చున్నాను.

నేను చేసిన తప్పు నాకు తెలియడానికి ఇంకొంచెం సమయం పట్టింది. నాన్న చెయ్యి రోజురోజుకీ పాడవుతోంది. నేనేమో రోజురోజుకీ బాగా అతుకుతున్నాను. కాబట్టి నాన్నకి తన చెయ్యి బాగుపడుతున్నట్టు కనిపిస్తోంది. నేను కాలేజీకి వెళ్ళిన మర్నాటి నుంచి ఇరవై ఆరూ ముప్ఫై ఆరూ సంచీలో తిరిగి వస్తాయి. ఆ సంచీ విప్పేటప్పుడు పక్కన నేనుండను. చెప్పాలంటే, ఈ నెల రోజులు నువ్వు నవ్విన నవ్వంతా నేను చేసిందే అని చెప్పాలి. అంత మాట నా నోట రాదు. అసలు ఏ మాటా సరిగ్గా రాదు. ఉత్తరం తీసి చూసుకుంటే తారీఖు అక్కడే ఉంది. ఇంక తొమ్మిది రోజులు.

ఆ రోజే చెకింగాయన వచ్చాడు. వాకిట్లోంచే నవ్వుతున్నాడు.

"మేస్త్రీ, మా మేనేజరు నీ రింగు పట్టుకుని ఫ్యాక్టరీ అంతా తిరుగుతున్నాడు. అతుకంటే ఇలా ఉండాలని అందరికీ చూపిస్తున్నాడు. ఇదిగో, నీకే ఇమ్మన్నాడు. గోడకి పెట్టుకో."

ఒక పెద్ద రింగు తీసి నాన్న చేతిలో పెట్టాడు. తళతళలాడుతోంది. నాన్న మురిసిపోతూ తీసుకుని, అలవాటు ప్రకారం అతుకు కోసం బయటి అంచు వెంట బొటనవేలు జరిపాడు. వేలు ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ అక్కడికే వచ్చింది.

"తల్లీ, నా కళ్ళజోడు."

ఇచ్చాను. రింగుని వెలుతురుకి పెట్టి చూశాడు. నాన్న కోసిన అతుకు గీత ఎప్పుడూ కుడివైపుకి వాలి ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా అంతే. ఈ రింగు మీద గీత ఎడమకి వాలింది. తెలియనివాళ్ళకి అక్కడ గీత ఉందనే తెలియదు. నాన్నకి చీకట్లో అయినా తెలుస్తుంది. ఇన్నాళ్ళూ నేను లాగి చూశాను, వంచి చూశాను కానీ వాలు సంగతే ఆలోచించలేదు.

"ఎలా ఉంది మేస్త్రీ నీ పనితనం?"

"బాగుంది" అన్నాడు నాన్న. కళ్ళజోడు తీసి మడిచాడు. "చాలా బాగుంది."

"వచ్చే నెల నుంచి చుట్టలు రెట్టింపు చేద్దామా మరి?"

"ఉండు, నీతో మాట్లాడాలి. పద, వ్యాన్ దాకా వస్తాను."

ఇద్దరూ బయటికి వెళ్ళారు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. తిరిగొచ్చి నాన్న ఆ రింగుని మేకుకి తగిలించాడు. నా వైపు చూడలేదు. మధ్యాహ్నం భోజనం చేసి వరండాలో పడుకోలేదు. "నువ్వెళ్ళి పడుకో తల్లీ, కళ్ళు ఎర్రగా ఉన్నాయి" అన్నాడు. ముందుగది తలుపు పూర్తిగా వేసుకున్నాడు. రంపం చప్పుడు వినపడింది. చాలాసేపు ఆగి ఆగి వినపడింది.

మర్నాడు పొద్దున అమ్మ వంటింట్లో డబ్బాలన్నీ తీసి పెడుతోంది.

"వంటసోడా డబ్బా చూశావటే? బట్టల క్లిప్పు కూడా ఒకటి తక్కువొచ్చింది."

ముందుగదిలోకి వెళ్ళి చూశాను. గాడి చెక్క మారిపోయింది. దాన్ని అడుగు పలక మీద నుంచి కోసి, తిప్పి, మళ్ళీ అతికించాడు. సందుల్లో వంటసోడా కూరి పైన గ్లూ పోస్తే రాయిలాగా గట్టిపడుతుంది. ఆ తెల్లటి గీత చెక్క చుట్టూ వంకరటింకరగా ఉంది. బ్లేడు ఆనే అంచు ఇప్పుడు ఎడమచేతి వైపుకి వచ్చింది.

గుమ్మంలోనే నిలబడిపోయాను. ఎవరి కోసం చేశాడో అడగక్కర్లేదు. ఇంట్లో ఎడమచేతి వాటం నా ఒక్కదానిదే. ఎదురుగా కూర్చుని వంకరగా కొయ్యక్కర్లేకుండా, ఇకనుంచి సరిగ్గా కూర్చుని కోసుకోమని. నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. చాలా అలసటగా అనిపించింది, ఆ పీట మీద అప్పటికే పదేళ్ళు కూర్చుని లేచినట్టు. వెళ్ళి డైరీ అట్టలోంచి ఉత్తరం తీసుకొచ్చాను.

నాన్న పెరట్లో ముఖం కడుక్కుంటున్నాడు.

"నాన్నా, నేను ఈ ఏడు ఆగిపోతాను. వచ్చే ఏడు చూద్దాం."

"ఎవరు ఆగమన్నారు?"

"గాడి చెక్క..."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ నన్ను దాటుకుని ముందుగదిలోకి వెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళాను.

"సరిగ్గా చూశావా దాన్ని?"

అప్పుడు చూశాను. చెక్కకి కుడివైపు అమ్మ బట్టల క్లిప్పు అతికించి ఉంది, పళ్ళు పైకి పెట్టి. తాడు కొస అందులో పెడితే కదలకుండా పట్టుకుంటుంది. నాకు రెండు చేతులూ బానే ఉన్నాయి. నాకు క్లిప్పెందుకు?

నాన్న పీట మీద కూర్చున్నాడు. కుడిచేతిని మోకాలి మీద పెట్టుకున్నాడు. అది ఆయన మాట వినకుండా అక్కడే సన్నగా వణుకుతోంది. దాన్ని తువ్వాలు కింద దాచుకోలేదు. ఎడమచేత్తో బ్లేడు అందుకున్నాడు.

"ఇది మొరాయించింది. ఇంకోటుందిగా" అన్నాడు. "నువ్వెలా పట్టుకుంటావో చూపించు."

నేను ఆ క్లిప్పు పళ్ళని వేలితో తెరిచి చూశాను.

"నువ్వు చెంచా పట్టుకున్నప్పుడు ఈ చేతిని ఊరికే కొట్టాను తల్లీ" అన్నాడు, బ్లేడు వైపు చూస్తూ. "దాని పనితనం నాకేం తెలుసు."

వెళ్ళి పక్కన కూర్చుని ఆయన వేళ్ళు సర్దాను. బొటనవేలు కొంచెం పైకి. మణికట్టు వదులుగా. మొదటి కోత మెట్లు మెట్లుగా వచ్చింది. రెండోదీ అంతే. తాడు ముక్కలు నేలమీద పడుతున్నాయి. అమ్మ గుమ్మంలోకి వచ్చి క్లిప్పుని చూసింది, నాన్నని చూసింది, సోడా డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. సగం చుట్టలు మాత్రమే పంపమని చెకింగాయనకి నాన్న ముందురోజే చెప్పాడట. ఆసుపత్రిలో ఇంకో పూట ఇస్త్రీకి అమ్మ ఒప్పుకుందట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

"తొమ్మిది రోజుల్లో రాదు నాన్నా."

"ఎనిమిదే. నిన్నటిది పోయింది. ఎంతొస్తే అంత. మిగతాది నేనే తంటాలు పడతాలే."

ఆ పొద్దంతా కూర్చున్నాం. చెమట కారుతోంది. పదకొండో పన్నెండో కోత కాస్త నున్నగా వచ్చింది. నాన్న ఒక కొసని క్లిప్పుకి పెట్టి, దాని మీద ‘హా’ అని ఊపిరి వదిలాడు. రెండో కొసకి ఒక్క చుక్క వేసి, ఎడమచేత్తో తెచ్చి ఆనించి పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. వదిలాడు. రింగు తీసి నా చేతిలో పెట్టాడు.

చెకింగాయన లాగినట్టే లాగాను. వంచాను. నోరు తెరిచింది.

"చెప్పు. ఎక్కడ తప్పింది?"

బడిలో నేను ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. కానీ నాకు తెలుసు.

"పది దాకా ఆగలేదు. ఎనిమిదికే వదిలేశావు."

"ఎనిమిదా?"

"ఎనిమిదే."

"తొందరెక్కువైంది." నాన్న ఇంకో ముక్క కోసి క్లిప్పుకి పెట్టాడు. "ఈసారి నువ్వు లెక్కపెట్టు. పైకి, గట్టిగా. నాకు వినపడాలి."

ఊపిరి. ఒక్క చుక్క. కొసలు కలిశాయి. కుడిచెయ్యి మోకాలి మీద వణుకుతూనే ఉంది. ఎడమచెయ్యి మాత్రం కదల్లేదు.

"ఒకటి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నెమ్మదిగా, ఒక్కో అంకెకీ మధ్య ఊపిరి తీసుకుంటూ లెక్కపెట్టాను. పది దగ్గర నాన్న నా ముఖం వైపు చూశాడు. నేను ఆపలేదు. పన్నెండు దాకా లెక్కపెట్టాను.